బిలాస్‌పూర్‌లో కూలి

బిలాస్‌పూర్ స్టేషనులో రైలు మారడానికి నాలుగు గంటలు కాచుకోవలసిన ప్రయాణికుడికి ప్రధాన వినోదం గూడ్సు బండ్లే. నిండిన పెట్టెలు ఒకవైపు సాగిపోతూంటే, ఖాళీ పెట్టెలు కోర్బా బొగ్గు గనులవైపు మళ్ళుతూంటాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుంచీ ఈ ఊరి వృత్తి ఇదే. 2003 నుంచి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం కూడా. రైలు కొలువుల వెంట వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అందుచేత నా చేతిలోని తెలుగు పుస్తకాన్ని చూసి, "మనవాళ్ళేనాండీ?" అని ఒక పెద్దాయన పలకరించినప్పుడు నేనేమీ ఆశ్చర్యపడలేదు.

ఆయన గూడ్సు బండ్లు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవారు. 2022 ఆగస్టు 15న కోర్బానుంచి రాజనందగాఁవ్‌కు నడిచిన 'సూపర్ వాసుకి' సంగతి ఎంతో మురిపెంగా చెప్పారు. అయిదు బండ్లను ఒకటిగా కలిపితే 295 పెట్టెలు, ఆరు ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, 27,000 టన్నుల బొగ్గు! నేను మనసులో లెక్క కట్టాను. లారీకి 27 టన్నులు వేసుకున్నా వెయ్యి లారీలు కావాలి. అంటే కనీసం వెయ్యిమంది డ్రైవర్లు.

"ఆ వెయ్యిమందిలో మా మేనల్లుడొకడు" అంటూ పక్కనున్న యువకుణ్ణి చూపించారు.

శ్రీకాకుళం జిల్లావాడు. ఊరి వెలుపల ఒక కర్మాగారం ముందు ఇనుప కడ్డీల లోడుకోసం అతని లారీ రెండు రోజులుగా వరసలో నిలబడి ఉంది. తోటి డ్రైవరును కాస్త చూస్తూండమని చెప్పి మేనమామను చూడవచ్చాడు.

"మావయ్యకు బండి లూపులైనులో ఆగినా నెల జీతం ఆగేది కాదు. నడిస్తే పైన మైలేజి. నాకు ట్రిప్పుకింత అని మాట. చక్రం తిరిగితేనే అన్నం" అన్నాడతను. డీజిలు ధర బేరమాడితే తగ్గదు. టోలుగేటు తగ్గదు. ఫైనాన్సు వాయిదా అసలే తగ్గదు. కిరాయిలో పోటీ పెరిగిన కొద్దీ యజమాని బేరమాడగలిగేది ఒక్క బత్తా మీదే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అనేది, దూరప్రయాణాలకు పది. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలన్న నిబంధనను 2018లో తొలగించారు. రెండో మనిషి జీతం ఆదా అయింది. అతని నిద్ర మాత్రం మొదటివాడి లెక్కలో చేరలేదు.

ఈ స్టేషనుకు సాహిత్యంలోనూ ఒక కూలి బాకీ ఉంది. రవీంద్రుని 'పలాతక' సంపుటిలో 'ఫాంకి' అనే కవిత కథ ఇక్కడే జరుగుతుంది. కూలీ భార్య రుక్మిణికి, కూతురి పెళ్ళికోసం, ఇరవై అయిదు రూపాయలు ఇమ్మని జబ్బుతో ఉన్న భార్య కోరితే, భర్త చాటుగా రెండే ఇచ్చి పంపుతాడు. భార్య పోయాక తిరిగివచ్చి వెతికితే రుక్మిణి జాడ ఎవరికీ తెలియదు. మన భాషలో కూలికీ కూలీకీ తేడా ఒక్క దీర్ఘమే. పుటకింత చొప్పున అనువాదాలు చేసుకునే నాకు ఈ మాట దగ్గర చెయ్యి ఆగుతూ ఉంటుంది.

కథ చెబితే ఆ అబ్బాయి శ్రద్ధగా విని, "ఆ కూలీ ఎంత మోశాడో రాయలేదాండీ?" అన్నాడు.

అంతలో ఫోను మోగింది. లోడింగుకు అతని వంతు వచ్చిందట. నేను జేబు తడుముకునేలోగా మా ముగ్గురి టీ డబ్బులూ ఇచ్చేసి, మెట్లవైపు పరుగెత్తాడు.