రెండు టికెట్ల లెక్క

"ఒరేయ్, ఇది బస్సు చార్జీనా, విమానం చార్జీనా?"

2018 మే నెలలో ఓ ఉదయం నాన్న పేపరు తెచ్చి నా ముందు పెట్టారు. ఢిల్లీ నుంచి అమెరికాకు ఒకవైపు టికెట్ 13,499 రూపాయల నుంచి మొదలట! ఐస్‌ల్యాండ్ కంపెనీ. పేరు వావ్ ఎయిర్. విమానాలకు వంకాయ రంగు. డిసెంబరు నుంచి నడుపుతారట. నాన్న ఆ వార్త కత్తిరించి దాచారు.

జూన్‌లో బోస్టన్ నుంచి అక్క ఫోన్. జనవరిలో పురుడు. ఇంకేం, ఆ రాత్రే నాన్న కేలండర్ కాగితం వెనక లెక్క మొదలుపెట్టారు. మామూలు విమానాల్లో అయితే రానూపోనూ ఒక్కొక్కరికీ 80 వేల పైమాట. రిటైరైన బడిపంతులు ఇద్దరికి ఎక్కణ్నుంచి తెస్తారు? ఈ వావ్‌లో అయితే ఇద్దరూ వెళ్లొచ్చు.

అడ్డుపుల్ల వేసింది అమ్మే. ఆ ధరకి వచ్చేది సీటూ, చిన్న చేతిసంచీ మాత్రమే. పెట్టెకి వేరే, తిండికి వేరే, సీటు కోరుకుంటే వేరే. "మరి ఆవకాయ? కాయం? సున్నుండలు? ఇవన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చోనా?" అంది. బాలింతరాలి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లే తెలుగు తల్లి ఎక్కడైనా ఉంటుందా చెప్పండి! పెట్టెలు కలిపేసరికి లెక్క పెరిగింది. అయినా ఇద్దరికీ గిట్టేలాగే ఉంది. నేను కొనేద్దామన్నాను.

నాన్న మాత్రం ఒకటే పట్టు పట్టారు. "అంత చవగ్గా ఎలా ఇస్తున్నాడో నువ్వు నాకు చెప్పు. అప్పుడు కొందాం."

చెప్పలేకపోయాను. మాట పెరిగింది. "పిరికితనానికి లెక్కల ముసుగెందుకు నాన్నా" అనేశాను. ఆయన మారు మాట్లాడలేదు. గల్ఫ్ మీదుగా వెళ్లే విమానంలో అమ్మకి ఒక్కదానికే టికెట్ కొన్నారు. డిసెంబరులో అమ్మ రెండు పెద్ద పెట్టెలతో వెళ్లింది. నాన్న ఇక్కడే ఉండిపోయారు.

నాన్న ప్రశ్నకి జవాబు నాకు తర్వాత దొరికింది. దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే చౌక విమానం మన షేర్ ఆటో లాంటిది. దిగేవాళ్లు దిగీ దిగకముందే ఎక్కేవాళ్లు సిద్ధం. రోజుకి ఆరేడు ట్రిప్పులు కొడుతుంది. లాభమంతా అక్కడే. పది, పదకొండు గంటల ప్రయాణంలో ఆ చిట్కా పారదు. దూరప్రయాణాల్లో పెద్ద కంపెనీల విమానాలు కూడా రోజులో ఎక్కువసేపు గాల్లోనే ఉంటాయి. ఇంధనం ధర అందరికీ ఒకటే. పైగా పెద్ద కంపెనీకి ముందు వరుసల్లో బిజినెస్ క్లాసు ఉంటుంది. వాళ్లిచ్చే డబ్బుతో అవసరమైతే వెనక సీట్ల ధర తగ్గించి పోటీకి దిగుతుంది.

స్కూలీ మోగెన్‌సెన్ 2011లో వావ్ పెట్టినప్పుడు లెక్క వేరు. ఐస్‌ల్యాండ్ అటు యూరప్‌కీ ఇటు అమెరికాకీ మధ్యలో ఉంది. చిన్న ఎయిర్‌బస్సులే రెండు వైపులకీ చాలు. 2015లో బోస్టన్‌కి విమానాలు వేసినప్పుడు 99 డాలర్ల టికెట్‌తో ఊరించారు. 2018లో సుమారు 35 లక్షల మంది ఎక్కారు. ఆ దేశ జనాభాకి పదింతలు! కానీ ఈలోపు పెద్ద విమానాలు తెచ్చి కాలిఫోర్నియాకీ, చివరికి ఢిల్లీకీ వేశారు. ఇంధనం ధర పెరిగింది. పెద్ద విమానాలతో ఖర్చులు పెరిగి దారి తప్పామని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. 2018 నవంబరులో ఐస్‌ల్యాండ్ ఎయిర్ కొంటానని వెనక్కి తగ్గింది. తర్వాత అమెరికాకి చెందిన ఇండిగో పార్ట్‌నర్స్ వచ్చింది (మన ఇండిగోకీ దానికీ సంబంధం లేదు). అదీ నిలబడలేదు. డిసెంబరులో మొదలైన ఢిల్లీ సర్వీసు జనవరిలోనే ఆగింది. 2019 మార్చి 28న కంపెనీయే మూతపడింది.

కొత్త కథేం కాదు. లండన్ నుంచి న్యూయార్క్‌కి 59 పౌండ్లకే తీసుకెళ్తానని ఫ్రెడ్డీ లేకర్ 1977 సెప్టెంబరులో స్కైట్రైన్ మొదలుపెట్టాడు. జనం టికెట్ల కోసం క్యూ కట్టారు. మరుసటి ఏడాదే ఆయనకి 'సర్' బిరుదు వచ్చింది. అప్పు తెచ్చి విమానాలు కొన్నాడు. పెద్ద కంపెనీలు ధరలు తగ్గించాయి. అప్పులేమో డాలర్లలో, పౌండేమో పడిపోయింది. 1982 ఫిబ్రవరి 5న దుకాణం కట్టేశాడు.

మార్చి 28న వావ్ వార్త చూసింది ఆఫీసులో. అమ్మ తిరుగు ప్రయాణం జూన్‌లో! నా మాట విని ఉంటే... ఒళ్లు జలదరించింది. వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. "నేను చెప్పలా" అంటారనుకున్నా. అనలేదు.

"పాపం, అందులో పనిచేసేవాళ్లకి జీతాలు వస్తాయా?" అన్నారు.

అమ్మ ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చింది. నాన్న వెళ్లలేదు. మొదట డబ్బు, తర్వాత కరోనా, ఇప్పుడు మోకాళ్లు. మనవడితో సెల్‌ఫోన్‌లోనే ఎక్కాలు చెప్పిస్తుంటారు. మొన్న కరెంటు బిల్లు కోసం బీరువా వెతుకుతుంటే ఆ కేలండర్ కాగితం దొరికింది. ఒకవైపు టికెట్ల కూడికలు, పెట్టెల చార్జీలు, ఢిల్లీ రైలు చార్జీ. అన్నీ రెండుతో హెచ్చవేసి ఉన్నాయి. అడుగున పెన్సిల్‌తో మరో మాట రాసి ఉంది.

'స్వెట్టర్లు - 2'.