బహదూర్ మావాడే

పావలా కిరాయికి హిందీ ఇంద్రజాల్ కామిక్స్ తెచ్చుకునేవాళ్లం. ఫాంటమ్, మాండ్రేక్ దొరల బిడ్డలు. చంబల్ లోయ బందిపోటు కొడుకు బహదూర్ మాత్రం మనోడనిపించేవాడు. కాషాయ కుర్తా, కింద జీన్సు. గల్లీ ఆటలో బహదూర్ అవుదామంటే దోస్తులు ఒప్పుకునేవాళ్లు కాదు. 'తుర్కోళ్లు గదరా, మీరు బందిపోట్లుండున్రి' అనేవాళ్లు. ఉండేవాళ్లం.

ఆ బహదూర్‌ని 1976లో పుట్టించింది ఆబిద్ సూర్తీ అని ఎన్నో ఏళ్లకుగానీ తెలియలేదు. సంతోషం కన్నా ముందు ఉక్రోషమే వచ్చింది. తన బిడ్డకు మా పేరొకటి పెట్టుకోలేకపోయాడా? పెడితే ఆ దోస్తులు చదివేవాళ్లా? అసలు బహదూర్ అన్నది ఫార్సీ మాటే. జఫర్ పాదుషా పేరులోనూ ఉంది.

దోస్తులు కలిస్తే అడగాలి: మాటా మాదే, కథా మాదే, మరి ఆటలో మేమెందుకు బందిపోట్లమైనం?