నిద్రలో పడిపోయే షుగర్: నా లాగ్ బుక్ చెప్పిన సంగతులు

షుగర్ అనగానే అందరికీ పెరగడమే గుర్తొస్తుంది. ‘స్వీట్లు మానెయ్’, ‘అన్నం తగ్గించు’ అంటారు. నన్ను భయపెట్టేది మాత్రం తగ్గడం. అదీ పగలు కాదు, నిద్రలో.

నాకు టైప్ వన్ డయాబెటిస్. పులివెందుల జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్నప్పుడు బయటపడింది. ఎంత నీళ్లు తాగినా దాహం, రాత్రికి ఐదారుసార్లు బాత్రూమ్, నెలరోజుల్లో ప్యాంట్లన్నీ వదులు. ‘ఈ వయసులో షుగరేందిరా, అంత ఏం తిన్యావు?’ అని అడగని చుట్టం లేడు. తిండికీ దీనికీ సంబంధం లేదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది. ఇక రోజూ బయటి నుంచి ఇన్సులిన్ వేసుకోవాల్సిందే. 1922లో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు ఏడాది, రెండేళ్లు బతికితే గొప్ప. అందుకే సూది మీద నాకు కోపం లేదు.

చిక్కు వేరే ఉంది. మామూలుగా షుగర్ తగ్గుతుంటే ఒళ్లే ఇన్సులిన్‌ను తగ్గించేసుకుంటుంది. నేను రాత్రి పదింటికి వేసుకున్న ఇన్సులిన్‌కు ఆగడం తెలీదు. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే దిగితే ‘లో’ అంటారు. 54 కంటే దిగితే వెంటనే పట్టించుకోవాల్సిన ప్రమాదం. పగలైతే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, ఆకలి దంచేస్తుంది. ఇంత చక్కెర నోట్లో వేసుకుంటాం. నిద్రలో ఒళ్లు ఆ హెచ్చరికలు పంపడం తగ్గించేస్తుంది. చాలాసార్లు మెలకువే రాదు.

రెండేళ్లుగా ప్రొద్దుటూరులో ఇంటి నుంచే పని చేస్తున్నా. ఈమధ్య ఆఫీసు బెంగళూరుకు రమ్మంది. సరిగ్గా అప్పుడే ఈ రాత్రి ‘లో’లు మొదలయ్యాయి. అన్నం అదే, డోసు అదే, పడుకునేముందు రీడింగ్ 130 దగ్గర. తెల్లవారుజామున మూడింటికి 52. అమ్మ రెండింటికి లేచి నా నుదురు తడిమి చూడటం అలవాటు చేసుకుంది. చెమట తగిలితే గ్లూకోమీటర్ తెస్తుంది. ‘ఆడ ఒక్కనివే ఎట్ల పండుకుంటావురా? రాత్రి పడిపోతే ఎవురు చూస్తారు?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

కారణం లేదా, కనబడలేదా?

అవ్వ దిష్టి తీసింది. ఒక ఫ్రెండు ‘ఎండలకు ఇన్సులిన్ చెడిపోయింటాది’ అన్నాడు. మన కడప ఎండలకు చెడిపోవడం నిజమే కానీ, చెడిపోయిన ఇన్సులిన్ బలం కోల్పోతుంది. దానివల్ల షుగర్ పెరుగుతుంది, తగ్గదు. ఆ అనుమానం అక్కడికి తీరింది.

డాక్టర్ ముందు పెద్ద కారణాలు చూశారు. ఇంజెక్షన్ చేసుకునే చోట చర్మం కింద గడ్డలు కట్టాయేమోనని పొట్ట తడిమారు. అలాంటి గడ్డలోకి వెళ్లిన మందు ఎప్పుడు, ఎంత ఒంటికి పడుతుందో చెప్పలేం. సిరంజీ అడిగారు. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ 40, 100 అనే బలాల్లో దొరుకుతుంది. 100 బలం మందును 40 సిరంజీతో లాగితే డోసు రెండున్నర రెట్లవుతుంది. నాది పెన్ను కాబట్టి ఆ భయం లేదు. థైరాయిడ్, కిడ్నీ, కార్టిసాల్, సీలియాక్ పరీక్షలు రాశారు. టైప్ వన్ ఉన్నవాళ్లలో సీలియాక్, అడ్రినల్ సమస్యలు మిగతావాళ్ల కంటే ఎక్కువ కనిపిస్తాయి, రెండూ షుగర్‌ను కిందికి లాగగలవు. నాకు అన్నీ నార్మల్. ‘అయితే రెండు నెలలు అన్నీ రాసుకురా’ అన్నారు.

ఆ పని నాకు కొత్తేం కాదు. రాత్రి సర్వర్ డౌన్ అయితే మేం పడిపోయిన నిమిషం ఒక్కటే చూడం. అంతకుముందు గంటల లాగ్స్ తిరగేస్తాం. ఇక్కడా అంతే. తిన్నది, డోసు, సూది వేసుకున్న చోటు, ఎంత నడిచాను, ఎప్పుడు పడుకున్నాను, అన్నీ ఫోన్లో రాశా. చేతికి సెన్సర్ కూడా పెట్టుకున్నా.

రెండు నెలల్లో తొమ్మిది రాత్రులు తేలాయి.

అందులో ఐదింటికి ఒకే పోలిక. ఒకటి జమ్మలమడుగులో పెద్దమ్మ వాళ్లింట్లో. పగలంతా తమ్ముళ్లతో గండికోట రాళ్ల మీద ఎక్కీ దిగీ, పెన్నా లోయ అంచునంతా తిరిగాం. సాయంత్రం షుగర్ 140, ఏ ఇబ్బందీ లేదు. తెల్లవారుజామున మిద్దె మీద పక్కనే పడుకున్న తమ్ముడు ‘అన్నా, చొక్కా అంతా తడిసింది’ అని లేపాడు. 48. మిగతా నాలుగూ ప్రొద్దుటూరులో సాయంత్రం షటిల్ ఆడిన రోజులే.

దీని వెనక లెక్క ఇది. ఆడేటప్పుడు కండరాలు దాచుకున్న చక్కెర వాడేస్తాయి. ఆట అయ్యాక ఆ ఖాళీని రక్తంలోంచి నింపుకుంటాయి. ఇన్సులిన్ కూడా మామూలుకంటే గట్టిగా పనిచేస్తుంది. ఈ ప్రభావం ఒక రోజంతా ఉండొచ్చు. సాయంత్రం ఆటకు ‘లో’ ఏడు నుంచి పదకొండు గంటల తర్వాత రావచ్చు. ఆరింటికి ఆట, రెండింటికి దెబ్బ. మధ్యలో నిద్ర ఉంది కాబట్టి రెంటికీ ముడి కనబడదు.

ఇంకో రెండు అసలు ‘లో’లే కావు. సెన్సర్ 58 అని మోగింది, వేలు పొడిచి చూస్తే 112. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. ఆ చెయ్యి మీద పడుకుంటే ఒత్తిడికి రీడింగ్ పడిపోతుంది. పక్కకు తిరిగితే అదే లేస్తుంది. వేలు పొడిచి నిర్ధారించుకోవడం మంచిది. కానీ మీటర్ దగ్గర లేకపోతే చక్కెర తినేయడమే క్షేమం.

మిగిలిన రెండు రాత్రులకు కారణం దొరకలేదు.

డాక్టర్ ఆట రోజులకు రాత్రి డోసు మార్చారు, పడుకునేముందు కొంచెం తినమన్నారు. ఎంత అన్నది నా ఒంటి లెక్క, మీకు పనికిరాదు. మీ డాక్టర్‌నే అడగండి. ఆరు వారాల్లో ఒక్కసారే ‘లో’ వచ్చింది. షటిల్ మానలేదు.

భయపడి రాత్రిళ్లు షుగర్‌ను 250 దగ్గర ఉంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ భయం నాకు తెలుసు. కానీ దాని బిల్లు తర్వాత కళ్లు, కిడ్నీలు కడతాయి. ఇంకో మాట. మాటిమాటికీ ‘లో’ వస్తుంటే వణుకు, చెమట లాంటి హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. కొన్ని వారాలు రాకుండా చూసుకుంటే చాలామందిలో అవి మళ్లీ తిరిగొస్తాయి.

పక్కన పడుకునేవాళ్ల కోసం

జమ్మలమడుగులో ఆ రాత్రి పెద్దమ్మ చెనిక్కాయ ఉండలు పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. ప్రేమ ఎక్కువే, కానీ వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. ‘లో’ వచ్చినప్పుడు కావాల్సింది గ్లూకోజ్ పొడి లేదా చక్కెర, మూడు నాలుగు చెంచాలు, అంటే 15 గ్రాముల దాకా. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా 70 కిందే ఉంటే మళ్లీ అంతే. పైకొచ్చాక ఉండలు తినొచ్చు.

మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. డాక్టర్ ముందే గ్లూకగాన్ ఇచ్చి ఉంటే అది వేయాలి.

ఈ రెండు పేరాలే బెంగళూరులో నాతో ఉండబోయే ఇద్దరికీ వాట్సాప్‌లో పంపా. ఒకడు ‘గ్లూకోజ్ ఏ షెల్ఫ్‌లో పెడతావ్?’ అని అడిగాడు. అంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. సెన్సర్ అలారం అమ్మ ఫోన్లో కూడా మోగేలా పెట్టాం. నేను ఎత్తకపోతే వాళ్లకు చేస్తుంది. ‘అయితే నేను రెండింటికి లేయాల్సిన పన్లేదా?’ అని అడిగింది అమ్మ. లేదన్నా. అయినా లేస్తుంది, నాకు తెలుసు.

ఆ రెండు రాత్రుల కారణం కోసం లాగ్ రాస్తూనే ఉన్నా. ఈ నెలాఖరుకు బెంగళూరు బస్సు టికెట్ బుక్ చేశా.