రామప్పంతులు పక్షం

విజయనగరంలో జె.వి. సోమయాజులు గారి మాట ఎత్తితే అభిమానులు రెండు పక్షాలైపోతారు. బయటి ఊళ్లవాళ్లకి ఈ గొడవ తెలీదు. వాళ్లకి సోమయాజులంటే ‘శంకరాభరణం’లోని శంకరశాస్త్రి ఒక్కడే. నుదుట విభూతి, భుజాన ఉత్తరీయం, ఎదటివాడు తడబడేలాంటి చూపు. ఇక్కడ అలా కాదు. అయ్యకోనేరు గట్టు మీదో, మూడులాంతర్ల దగ్గర టీకొట్టులోనో ఎవరైనా ‘శంకరాభరణం’ గురించి మొదలెడితే, పక్కనున్న పెద్దాయన ఒకాయన తప్పకుండా అడ్డం వస్తాడు. “శాస్త్రులు సరేనయ్యా, రామప్పంతుల్ని చూసేవేటి నువ్వు?” అంటాడు. చూడలేదంటే ఆయన ముఖంలో జాలి కనిపిస్తుంది. చూశామంటే ఇక ఆ పూట పని సాగదు.

‘కన్యాశుల్కం’ నాటకంలో ఆయన కట్టిన ఆ వేషం నేను చిన్నతనంలో చూశాను, కాబట్టి నాది రామప్పంతులు పక్షం. ముందే చెప్పేస్తే మంచిది.

జొన్నలగడ్డ వెంకట సోమయాజులు గారు 1928లో శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టారు. పెరిగింది విజయనగరంలో. తమ్ముడు రమణమూర్తి ఐదేళ్లు చిన్న. ఇద్దరికీ నాటకం పిచ్చే. గురజాడ ఊళ్లో పెరిగిన పిల్లలకి అది పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి 1892లో ఆడింది ఈ ఊళ్లోనే. మొదటి అంకం తెర లేచేది బొంకులదిబ్బ మీద. ప్రేక్షకుడు నాటకం అయ్యాక ఆ దిబ్బ మీంచే ఇంటికి నడిచిపోయే ఊరు ఇది. అలాంటి చోట ఆ నాటకం ఆడటమంటే మాటలు కాదు. సగం మందికి సంభాషణలు నోటికొచ్చు. నటుడు ఒక మాట మింగేస్తే ముందు వరసలోంచి అందిస్తారు, అదీ కాస్త వెటకారంగా. గిరీశం ఎలా నవ్వాలో, పంతులు పొడుం ఎలా పీల్చాలో ప్రతివాడికీ సొంత అభిప్రాయం ఒకటి ఉంటుంది.

ఆ సభల ముందు తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. దశాబ్దాల తరబడి, వందల ప్రదర్శనలు. రామప్పంతులు ఎలాంటివాడో చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. లిటిగేషను, దొంగ సాక్ష్యం, లేని గొప్పలు, దాని వెనక ఎప్పుడూ అణిగిమణిగి ఉండే ఒక పిరికితనం. సోమయాజులు గారు ఆ పిరికితనాన్ని పట్టుకున్నారు. మామూలుగా ఆ వేషం కట్టేవాళ్లు జిత్తులమారితనాన్నే పైకి తెచ్చి కళ్లు చికిలిస్తూ ఉంటారు. ఈయన పంతులు దర్జాగా వచ్చి కూర్చునేవాడు. పెద్దమనిషే అనిపించేవాడు. పంతులు ఉంచుకున్న మధురవాణి చిన్న మాటతో గుచ్చగానే ఆ దర్జా మెల్లగా జారడం మొదలయ్యేది, ముందు గొంతులో, తరవాత భుజాల్లో. మంచం కింద అన్నదమ్ములిద్దరూ దాక్కునే ఘట్టం వచ్చేసరికి హాలు హాలంతా గోల. పూటకూళ్లమ్మ చీపురుదెబ్బ గిరీశానికి కాక పంతులికి తగిలేది. నిజం అన్నగారికి దెబ్బ తగిలించి నిజం తమ్ముడు తప్పించుకుంటున్నాడన్నది కూడా జనానికి ఒక ముచ్చట. మర్నాడు ఆ అన్నగారే ప్రభుత్వ కచేరీలో ఫైళ్ల మీద సంతకాలు పెడతాడన్నది ఇంకో ముచ్చట. ఆయన ఉద్యోగం రెవెన్యూలో. డిప్యూటీ కలెక్టరు దాకా వెళ్లారు. పగలు అర్జీలు, దావాలు, భూమి తగాదాలు. రాత్రి అవే తగాదాలతో బతికే పంతులు. రామప్పంతుళ్లు ఆయన బల్ల ముందుకి స్వయంగా నడిచొచ్చేవారని మా పక్షంవాళ్ల నమ్మకం. నాకూ అలాగే అనిపిస్తుంది.

సినిమాల్లోకి ముందు వెళ్లింది తమ్ముడే, 1957లో ‘ఎమ్మెల్యే’తో. అన్నగారికి పెద్ద అవకాశం యాభై దాటాక గాని రాలేదు. శంకరశాస్త్రి వేషానికి పేరున్న పెద్ద నటుల్నే అనుకున్నారనీ, చివరికి దర్శకులు విశ్వనాథ్ గారు జనం ఎరగని ముఖం కావాలన్నారనీ అందరూ చెప్పుకునేదే. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ‘శంకరాభరణం’ మొదటి రోజుల్లో ఖాళీ కుర్చీలకి ఆడింది. తరవాత ఒకరి నోట ఒకరు విని జనం కదిలారు. తెలుగు రాని ఊళ్లలోనూ ఆడింది. జాతీయ పురస్కారాల్లో స్వర్ణకమలం వచ్చింది. పాటకి బాలుకీ వాణీ జయరాంకీ, సంగీతానికి మహదేవన్‌కీ కూడా వచ్చాయి.

ఇక్కడ శాస్త్రి పక్షంవాళ్లది ఒక బలమైన వాదన ఉంది. ఈ ఊళ్లో 1919లో సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ పాఠం చెప్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. అలాంటి విద్వాంసుల నడకా, మౌనం, కోపం కళ్లారా చూసిన ఊరివాడు గనకే పాడటం రాకపోయినా పాడేవాడిలా నిలబడగలిగాడంటారు. కాదనలేను. కానీ ఆ సినిమాలో అన్నిటికంటె గుర్తుండిపోయేది పాట కాదంటాను. పెళ్లిచూపుల్లో కూతురు పాడుతూ స్వరం తప్పుతుంది. తండ్రి కూతురి పేరు పెట్టి ఒక్క కేక వేస్తాడు. పాటల్లో గొంతు బాలుది, సరే. ఆ కేక మాత్రం సోమయాజులు గారి సొంతం. ఎన్నో ఏళ్లు చివరి వరస బెంచీవాడికి వినపడేలా సాధన చేసిన గొంతు అది. పెళ్లివారు ఉలిక్కిపడ్డట్టే హాల్లో మేమూ ఉలిక్కిపడ్డాం. శంకరశాస్త్రి కదలకుండా కూర్చున్నప్పుడు మనకి కనిపించే బరువంతా, నిమిషం కుదురుండని పంతుల్ని అన్నేళ్లు మోసినవాడు ఒక్కసారి ఆ కదలికలన్నీ మానేయడం వల్ల వచ్చిందే. దీనికి శాస్త్రి పక్షం దగ్గర ఇప్పటిదాకా సరైన జవాబు లేదు.

నాటకంలో పండి ఆలస్యంగా తెర మీదికొచ్చినవాళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నారు. హాలీవుడ్‌లో సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్ అనే స్థూలకాయుడు నలభై ఏళ్లు రంగస్థలం మీదే గడిపి, 61 ఏళ్ల వయసులో ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో మొదటిసారి కెమెరా ముందుకొచ్చాడు. 1941 నాటి మాట. మొదటి సినిమాకే ఆస్కార్ నామినేషన్. తియ్యగా మాట్లాడుతూ గోతులు తవ్వే పాత్ర అది, మన పంతులికి దూరపు చుట్టం. తరవాత వార్నర్ బ్రదర్స్ వాళ్లు అతన్ని అలాంటి తియ్యటి దుర్మార్గుడిగానే మళ్లీ మళ్లీ వాడుకున్నారు.

మనవాళ్లు చేసిందీ అదే, తలకిందులుగా. ‘శంకరాభరణం’ తరవాత సోమయాజులు గారికి వచ్చినవన్నీ పూజ్యుల వేషాలే. బాపు ‘వంశవృక్షం’లో పెద్దాయన, ‘త్యాగయ్య’లో సాక్షాత్తూ త్యాగరాజు, విశ్వనాథ్ ‘సప్తపది’లో యాజులు. ‘త్యాగయ్య’కి పాపం పాత ‘త్యాగయ్య’లోని నాగయ్య గారి నీడ అడ్డొచ్చింది. ‘సప్తపది’ మాత్రం వదలకూడదు. తన ఆచారాన్నే ఎదిరించి మనవరాలిని మనసిచ్చినవాడి దగ్గరికి పంపే ఆ ముసలాయన లోపలి పోరు చూడండి. ఆపైన వచ్చినవి చాలామటుకు న్యాయమూర్తులు, స్వాములు, ఆశీర్వదించే తాతగార్లు. ఒక్కడంటే ఒక్క నిర్మాతకి ఈయన చేత ఒక తక్కువరకం మనిషి వేషం నిండుగా కట్టిద్దామని తోచలేదు. సినిమావాళ్ల మీద మా పక్షం పెట్టుకున్న ఫిర్యాదు ఇదొక్కటే, పెద్దదే.



సోమయాజులు గారు 2004లో, రమణమూర్తి గారు 2016లో పోయారు. విశ్వనాథ్ గారు సరిగ్గా ‘శంకరాభరణం’ విడుదలైన తారీఖుకే, 2023 ఫిబ్రవరి 2న వెళ్లిపోయారు. ఆ రోజు ఊళ్లో అందరి ఫోన్లలోనూ శంకరశాస్త్రే. కుర్రాళ్లు ఆ కేక ముక్క తీసి పంచుకున్నారు. రంగస్థలం మీది పంతుల్ని పంచుకోవాలంటే మా దగ్గర ఉన్నది అభినయం చేసి చూపడమే. మా వీధి రిటైర్డు మాస్టారు ఒకాయన కండువా సర్దుకుని, అరక్షణం ఆగి, అంతవరకు ఠీవిగా ఉన్నవాడల్లా భుజం దించి చూపిస్తాడు. బాగానే చేస్తాడు గాని ఆ జారడం అంత మెల్లగా రాదు.

1955లో ‘కన్యాశుల్కం’ సినిమా తీసినప్పుడు పంతులు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. ఆయన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అయినా 1980లో, అన్నగారికి అంత పేరొచ్చిన వేడిలో, అన్నదమ్ముల్ని పెట్టి మళ్లీ తీసుంటే ఎలా ఉండేదన్నది మాకు తరగని కాలక్షేపం. గిరీశం రమణమూర్తి, పంతులు సోమయాజులు, అంతవరకు ఒకే మాట. మధురవాణి దగ్గరే తగువు. ‘శంకరాభరణం’ మంజుభార్గవి అంటాడొకడు. నాటకాల్లో వేసినవాళ్లనే తీసుకోవాలంటాడు ఇంకొకడు. పాత సినిమాలో వేసిన సావిత్రి తప్ప ఎవరొచ్చినా తాను లేచిపోతానంటాడు మాస్టారు. అప్పటికి ఆవిడకి ఒంట్లో బాగులేదు కదండీ అంటే, “నాకు తెలీదేటి? తీసేది మన సినిమాయే కదా!” అని కసురుకుంటాడు.