బాపమ్మ మోకాలికి ఎన్ని వాట్లు?

పలచటి హీటర్ పట్టీ చేతిలో పెడితే మన బ్రాంచ్ వాళ్లయినా సరే ముందు అడిగేది ఒకటే: "ఇది ఎన్ని డిగ్రీల దాకా వేడెక్కుతుంది?" ఆ ప్రశ్నకు జవాబు లేదు. హీటర్‌కి సొంత ఉష్ణోగ్రత అంటూ ఉండదు. దానికి ఉండేవి ఓమ్‌లు. మనం ఇచ్చిన వోల్టేజీని బట్టి ఇన్ని వాట్లు పుట్టిస్తుంది, అంతే. ఆ వాట్లు ఎంత తేలిగ్గా బయటికి పోతాయన్నదే డిగ్రీల్ని తేలుస్తుంది. అదే పట్టీ అల్యూమినియం దిమ్మకు అంటిస్తే గోరువెచ్చగా ఉంటుంది, బొంత కింద పడేస్తే చెయ్యి కాలుతుంది.

హీట్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో ఇదంతా చెప్పారు. పరీక్ష కూడా రాశాం. కానీ నాకు అది ఒంటికి పట్టింది మా బాపమ్మ మోకాళ్ల దగ్గర.

మాది ఆదిలాబాద్ వైపు. అక్కడి చలికాలం రాత్రుల సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. బాపమ్మకు మోకాళ్ల నొప్పులు, మందు ఏమో ఉప్పు కాపడం. పెనం మీద రాళ్ల ఉప్పు వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి అద్దుకోవడం. మొదట్లో చురుక్కుమంటుంది, కాసేపటికి చల్లారిపోతుంది. మళ్లీ పొయ్యి దగ్గరికి ఎవరు లేస్తారు? అందుకే మినీ ప్రాజెక్ట్ టాపిక్ ఇవ్వమన్నప్పుడు కరెంటు కాపడం అని రాసిచ్చాను.

ఉప్పు మూట ఎంత తెలివైనదో ఆ తర్వాత తెలిసింది. అందులో ఎంత వేడి దాచామో అంతే ఇస్తుంది, తర్వాత తనంతట తానే చల్లారుతుంది. చల్లారడమే దాని సేఫ్టీ. కరెంటు పట్టీకి ఆ మర్యాద తెలీదు. ఆపేదాకా ఇస్తూనే ఉంటుంది.

ఇక ఏ పట్టీ కొనాలి? అందరి కళ్లూ ముందు పాలీఇమైడ్ మీదే పడతాయి. తేనె రంగు ఫిల్మ్, మధ్యలో పాములా మెలికలు తిరిగిన సన్నటి లోహపు రేకు, మొత్తం కలిపి విజిటింగ్ కార్డంత మందం కూడా ఉండదు. కాప్టన్ అనే పేరుతో డూపాంట్ వాళ్లు తెచ్చిన ఫిల్మ్ ఇదే. అపోలో ల్యూనార్ మాడ్యూల్ ఫొటోల్లో బంగారు రేకులా మెరిసేది కూడా అల్యూమినియం పూత వేసిన ఇదే రకం ఫిల్మ్. ఉపగ్రహాల్లో బ్యాటరీలు గడ్డకట్టకుండా ఇలాంటి హీటర్లే అంటిస్తారు. చదివితే ఎవరికైనా మోజు పుడుతుంది. కానీ ఒక తెల్లకాగితం తీసుకుని వాటర్ బాటిల్‌కి చుట్టండి, చక్కగా చుట్టుకుంటుంది. అదే కాగితం క్రికెట్ బంతికి చుట్టండి, ముడతలు పడుతుంది. పాలీఇమైడ్ ఆ కాగితం లాంటిదే. మోకాలి చిప్ప బంతి లాంటిది, పైగా లేచినా కూర్చున్నా మడత పడుతుంది. మడత పడ్డ చోట రేకు చిట్లితే అక్కడ సన్నబడి, ఆ ఒక్క చోటే వేడి పోగవుతుంది.

అందుకే సిలికాన్ రబ్బరు పట్టీ తీసుకున్నాను. సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మందం, లోపల గాజు నార, చెమటకీ తడికీ ఓర్చుకుంటుంది. అదీ చిప్ప మీద కాదు. చిప్పకు అటొకటి ఇటొకటి, 5 సెంటీమీటర్ల వెడల్పు, 15 పొడవు ఉన్న రెండు పట్టీలు. ఒక్కోటి 10 ఓమ్‌లు. పక్కపక్కన కలిపితే 5 ఓమ్‌లు, పవర్ బ్యాంక్ ఇచ్చే 5 వోల్టులకు 5 వాట్లు. గోడ ప్లగ్గు జోలికే పోలేదు.

5 వాట్లేనా అని మా టీమ్‌లో గొడవ. 12 అయినా పెడదాం, డెమోలో త్వరగా వేడెక్కాలి కదా అన్నారు. లెక్క వేసి చూపించాను. పట్టీల రెండు ముఖాలూ కలిపి 300 చదరపు సెంటీమీటర్లు. డిగ్రీకి చదరపు మీటరుకు 10 వాట్లు గాలిలోకి పోతాయనే మోటు లెక్కన 20 డిగ్రీల గదిలో 12 వాట్లకు పట్టీ 60 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 5 వాట్లకు 37 దగ్గర. బొంత కప్పితే రెండూ ఇంకా పైకి పోతాయి. చర్మం సంగతేమో 1947లోనే మోరిట్జ్, హెన్రిక్స్ తేల్చేశారు: 44 డిగ్రీలు కూడా సుమారు ఆరు గంటలు అలాగే ఉంటే కాలుతుంది, ఆ పైన ఒక్కో డిగ్రీకి ఆ టైమ్ దాదాపు సగం సగం అవుతూ పోతుంది. పట్టీ పెట్టుకుని నిద్రపోయే ముసలావిడకు ఆరు గంటలు పెద్ద లెక్క కాదు.

కాబట్టి థర్మిస్టర్ పట్టీకే అంటించి, 40 డిగ్రీలకు ఆగేలా, 20 నిమిషాలకు మొత్తం ఆరిపోయేలా ప్రోగ్రాం రాశాం. కానీ మాస్‌ఫెట్ కాలితే చాలాసార్లు షార్ట్ అయ్యే కాలుతుంది. అప్పుడు మన కోడ్ ఎంత అందంగా ఉన్నా కరెంటు పోతూనే ఉంటుంది. అందుకని సిరీస్‌లో 45 డిగ్రీల బైమెటల్ స్విచ్ ఒకటి, పట్టీకి ఆనుకుని. దానికి కోడ్ అక్కర్లేదు. మాస్‌ఫెట్‌ని కావాలనే షార్ట్ చేసి, పట్టీల్ని నీళ్ల సీసాకు చుట్టి, పైన రెండు దుప్పట్లు కప్పి కూర్చున్నాం. స్విచ్ టక్కుమని తెగింది. ప్రాజెక్ట్ మొత్తంలో నాకు నచ్చిన చప్పుడు అదే.

అసలు పేచీ ఇంటి దగ్గర మొదలైంది. బాపమ్మ మోకాళ్లకు కట్టుకుని చూసి, "మంచిగనే ఉంది గని, నాకు పాదాలకు కట్టు బిడ్డా, మంచు గడ్డలైతున్నయ్" అంది. బాపమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. చెకప్‌లో డాక్టర్ గారు సన్నటి నైలాన్ పోగుతో అరికాలంతా గుచ్చి చూస్తే సగం చోట్ల తెలియలేదంది. మోకాళ్ల దగ్గర మాత్రం అన్నీ చెప్పింది. కట్టనన్నాను.

నాన్న కూడా ఆమె వైపే. "తక్కువ పెట్టి కట్టరాదురా, పెద్దమనిషి అడుగుతుంటే" అని. ఎలా చెప్పాలో కాసేపు తోచలేదు. తర్వాత మా స్విచ్‌లే చూపించాను. ఇది ఒకటి, ఇది రెండు. మూడోది బాపమ్మే, వేడెక్కువైతే తనే పీకి పారేస్తుంది. పాదాల దగ్గర ఆ మూడో స్విచ్ ఎప్పుడో తెగిపోయింది. పైగా చర్మంలోంచి వేడిని మోసుకుపోయేది రక్తం. షుగర్ వాళ్లకు పాదాల్లో అది సరిగ్గా ఆడకపోవచ్చు. బయట బొంత, లోపల ఆడని రక్తం, మధ్యలో పట్టీ. అక్కడ అవే 5 వాట్లు ఎన్ని డిగ్రీలవుతాయో నా లెక్కకు అందదు.

నాన్న ఇంకేం అనలేదు. మరునాడు బజారు నుంచి రెండు జతల ఉన్ని సాక్సులు తెచ్చాడు. బాపమ్మ మోకాళ్ల పట్టీ రోజూ కట్టుకుంటుంది, కట్టుకున్నప్పుడల్లా "ఉప్పు కాపడం లెక్క చురుక్కుమనదు" అని వంక పెడుతుంది. నేను ఫోన్ చేస్తే మాత్రం పాదాలది ఎప్పుడు తెస్తావని అడుగుతూనే ఉంది.