బ్యాక్ ఆడేవాళ్లు ఎక్కడికి పోతారు సార్?

మా తండాలో ఆటస్థలం లేదు, కల్లం ఉంది. దసరా నుంచి సంక్రాంతి దాకా అది పిల్లలది. సంక్రాంతి దాటి మొదటి కోత మిరపకాయ వచ్చి పడిందంటే ఇక ఏప్రిల్ దాకా బంతి అటు పోకూడదు. కాయ ఎత్తేశాక కూడా ఆ మట్టిలో ఘాటు మిగిలే ఉంటుంది. పడి మోకాలు గీరుకుపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు. అందుకే నాకు జారిపడి బంతి లాక్కోవడం చాలా ఆలస్యంగా వచ్చింది. నిలబడే ఆపేవాణ్ణి. తర్వాతెప్పుడో ఒక కోచ్ అది మంచి అలవాటన్నాడు గానీ, అది అలవాటు కాదు, మంటంటే భయం.

నేను సుగాలీని. మాచర్ల వైపు మా తండా. అప్పుడది గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు. హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా పీఈటీ సారు నన్ను వెనక్కి పంపాడు. "పొడుగున్నావు, పరుగు లేదు. గోలీ ముందు నిలబడు" అన్నాడు. నాకు చిన్నతనంగా అనిపించింది. గోలు కొట్టినవాడి పేరు మర్నాడు ప్రార్థనలో చదివేవారు. బ్యాక్ ఆడేవాడి పేరు అందరి నోటా వినపడేది వాడు తప్పు చేసిన రోజే.

కానీ ఆ సారు నేర్పిన పాఠాలు ఇప్పటికీ నా పిల్లలకి చెబుతాను. ఎదుటివాడి కాళ్లు చూడొద్దు, కళ్లు చూడొద్దు, నడుము చూడు, అది ఎటు తిరిగితే వాడు అటే పోతాడు. ఎదురుగా నిటారుగా నిలబడొద్దు, కాస్త పక్కకి తిరిగి నిలబడు. బంతి లాక్కోవాలని తొందరపడకు, గీత వైపుకి తోలుకుపో. తోలడం అనే మాట నాకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మా తాతముత్తాతలు ఎడ్లమీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తోలుకుపోయినవాళ్లే గదా.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్ పోయాను. మా వైపు బంతాట నేర్చినవాడికి అప్పుడు కనబడిన దారి అదొక్కటే. రహీమ్ సాబ్ ఊరు అది. ఆయన బడిపంతులుగా పనిచేసినవాడే. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన జట్లకి కోచ్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టూ ఆయనదే. ఆ జట్టులో బ్యాక్ ఆడిన అజీజుద్దీన్ ఒలింపిక్స్‌కి కూడా వెళ్లాడు. నేను వెళ్లేసరికి ఆ రోజులు ఫొటోల్లో మిగిలాయి.

నన్ను తీసుకున్న క్లబ్బు పేరు చెప్పను. పైలీగుకి చాలా మెట్లు కింద ఆడేది. ఒక గదిలో ఆరుగురం. కాగితం మీద ఏడు నెలల ఒప్పందం, ఇంగ్లీషులో ఉంది, చదవకుండానే సంతకం పెట్టాను. బూట్లకి యాడి ఆ ఏటి పత్తితీత డబ్బులు ఇచ్చింది. మొదటి మ్యాచ్‌లో చివరి పదకొండు నిమిషాలు ఆడించారు. బంతి నా దగ్గరికి రెండుసార్లే వచ్చింది, రెండుసార్లూ బయటికి తన్నాను. ఆ రాత్రి తండాకి ఫోన్ చేసి గెలిచామని చెప్పాను. నిజానికి ఓడిపోయాం.

జీతం రెండు నెలలు వచ్చింది. మూడో నెల "వచ్చే వారం" అన్నారు. ఆ వారం ఇప్పటికీ రాలేదు. ఫిబ్రవరిలో బా ఫోన్ చేశాడు. "కోతలు మొదలైనయి. మనుషులు దొరకట్లా. నువ్వు రావద్దులే, ఆడుకో" అన్నాడు. మా ఇంట్లో రావద్దులే అంటే ఏమిటో నాకు తెలుసు. పది రోజులకని వెళ్లాను. నెల ఉండిపోయాను. తిరిగి వెళితే నా చోట ఇంకొకడు నిలబడి ఉన్నాడు, నాకంటే బాగానే ఆడుతున్నాడు. నన్నెవరూ పొమ్మనలేదు. నేనే సంచి సర్దుకున్నాను.

ఇప్పుడు నేను ఒక బడిలో కాంట్రాక్టు పీఈటీని. పిల్లలకి సౌమ్య గుగులోత్ గురించి చెబుతుంటాను. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. మొదట పరుగుపందాలు, తర్వాత బంతి. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్‌కి ఆడింది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఉంది, ఆ సీజనుకి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. ఇది చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి, మా జట్టులో బ్యాక్, లేచి అడిగింది.

"ఆమె బ్యాక్ ఆడుద్దా సార్?"

"లేదు, ముందు ఆడుద్ది."

"మరి బ్యాక్ ఆడేవాళ్లు ఎక్కడికి పోతారు సార్?"

ఇన్నేళ్లు ఆడినవాణ్ణి, నోరు పెగల్లేదు. మర్నాడు అష్టమ్ ఒరావ్ గురించి చెప్పాను. జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ పిల్ల. బ్యాక్. 2022 అక్టోబరులో మన దేశంలో జరిగిన పదిహేడేళ్లలోపు ఆడపిల్లల ప్రపంచకప్‌లో భారత జట్టుకి కెప్టెన్. ఆమె పేరుమీద వాళ్ల ఊరికి రోడ్డు వేస్తుంటే ఆ పనిలో వాళ్ల అమ్మానాన్నలే కూలి చేశారని పత్రికలు రాశాయి. క్లాసులో ఎవరూ నవ్వలేదు. వీళ్లలో సగం మందికి ఆ రోడ్డు పని ఎలా ఉంటుందో తెలుసు.

ఆ అమ్మాయి జిల్లా సెలక్షన్స్ సరిగ్గా రెండో కోతలో పడ్డాయి. వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. కల్లంలో కూర్చుని తాలుకాయ ఏరుతోంది. "కిలోల లెక్కన కూలి సార్. పిల్ల రాకపోతే ఒక్కదాన్ని ఎంత కోస్తా?" అంది. చదువు గొప్పదనం, ఆట గొప్పదనం చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె అడిగింది లెక్క.

రెండు ఆదివారాలు పిల్ల బదులు నేను వెళ్లి కోశాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఏ టీచరూ రోజూ చేయగలిగింది కాదు. పైగా తూకం దగ్గర పరువు పోయింది, పిల్ల కోసేదాంట్లో సగం కూడా రాలేదు. "నీ చేతులు మర్చిపోయినయి సార్" అని వాళ్లమ్మ నవ్వింది. రెండు రాత్రులు మంటకి మేలుకునే ఉన్నాను.

పిల్ల సెలక్షన్స్ ఆడింది. మొత్తం ఆట వెనకే నిలబడింది, ఒక్కసారి కూడా తొందరపడలేదు. జాబితా ఇంకా రాలేదు. మూడో కోత మొదలైంది. నిన్న సాయంత్రం చేతులకి కొబ్బరినూనె రాసుకుని ప్రాక్టీసుకి వచ్చింది. బంతి విసరబోతే జారిపోతోందని మట్టి తీసుకుని రుద్దుకుంది.