కుందేటి కొమ్ము... కుండీలో!

లేనిదాన్ని ఉందని వాదిస్తే 'కుందేటి కొమ్ము' అంటాం. కానీ ఆ పేరుతో నిజంగానే ఓ మొక్క ఉంది. దానికి ఆకులు కనిపించవు. నీళ్లు పెద్దగా అడగదు. పూసిందంటే మాత్రం చూపు తిప్పుకోనివ్వదు. మన గుట్టల మీద పుట్టి, మన తెలుగు పేరునే ప్రపంచానికి ఇచ్చిన మొక్క అది. దాన్ని కుండీలో పెంచాలంటే ముందు ఓ పాఠం నేర్చుకోవాలి. ఆ పాఠం చెప్పే బడి... మడికొండ మెట్టుగుట్ట!

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్తుంటే, కాజీపేట ఇంకా కాస్త దూరం ఉందనగా మడికొండ వస్తుంది. ఒకప్పుడు పల్లె, ఇప్పుడు వరంగల్ మహానగరంలో భాగం. ఊరికి ఆనవాలు మెట్టుగుట్ట. గుట్ట మీద ఎవరో పనిగట్టుకుని బండ మీద బండ పేర్చినట్టు పక్కపక్కనే నిలబడిన రెండు రాతి స్తంభాలు దూరం నుంచే పలకరిస్తాయి. పైన రామలింగేశ్వరస్వామి గుడి. కాకతీయుల కాలం నుంచీ పూజలందుకుంటున్న స్వామి అని భక్తుల నమ్మకం. శివరాత్రికి గుట్టంతా జనమే. మామూలు రోజుల్లో మాత్రం ఇక్కడ గాలి చప్పుడు తప్ప మరోటి వినిపించదు.

గుడికి వచ్చినవాళ్లు దండం పెట్టుకుని, గుండాలు చూసి, స్తంభాల దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. మొక్కల మీద ఇష్టమున్నవాళ్లు మాత్రం కాసేపు ఆగి కాళ్ల కింద చూడాలి. వానాకాలంలో చూస్తే మరీ మంచిది. బండ మీద పడ్డ వాన నిలవదు, జారిపోతుంది. రెండు బండల మధ్య సందులో పిడికెడు మట్టి, దానినిండా రాతి నలుసులు. మధ్యాహ్నానికి బండ పెనంలా కాలుతుంది, తెల్లవారేసరికి చల్లబడుతుంది. అంత కొంచెం మట్టిలోనూ గడ్డి మొలుస్తుంది, పొద అల్లుకుంటుంది. ఆ పొద నీడన ఇంకేదో తలెత్తుతుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న దక్కన్ రాయి మీద బతుకు అలాగే సాగుతోంది.

తెలంగాణలో, రాయలసీమలో ఇలాంటి పొడి గుట్టలే కుందేటి కొమ్ము పుట్టిల్లు.

జిల్లేడుకు చుట్టం

వేలి లావున, నాలుగు పలకలుగా, పచ్చగానో బూడిద రంగులోనో నేలలోంచి నిటారుగా లేచే కాడలు. పొడవు జానెడు మొదలుకుని మూరెడు దాకా. ఆకులు ఉండీ లేనట్టే. చిన్న పొలుసుల్లా వచ్చి రాలిపోతాయి. ఆకు చేయాల్సిన పని కాడే చేస్తుంది, నీళ్లనూ కాడే దాచుకుంటుంది. ఎండాకాలంలో ముడుచుకుపోయి ఎండుపుల్లలా కనిపిస్తుంది. నాలుగు వానలు పడ్డాయంటే మళ్లీ నిగనిగలాడుతుంది.

చూడ్డానికి నాగజెముడు చుట్టంలా ఉంటుంది కానీ కాదు. దాని అసలు చుట్టం జిల్లేడు. జిల్లేడుకు ఉన్నట్టే దీనికీ జంట కాయలు. పండి పగిలితే పట్టులాంటి దూదితో గింజలు గాల్లో ఎగిరిపోతాయి. రెండు కొమ్ముల్లా నిక్కపొడుచుకున్న ఆ కాయల్నీ కాడల్నీ చూస్తే, ఈ పేరు ఎలా వచ్చిందో ఊహించుకోవచ్చు.

మన దగ్గర ప్రధానంగా రెండు రకాలు. ఒకటి సన్నగా, పైకి పోయేకొద్దీ కొస తేలుతూ, కాడ పొడవునా చిన్న చిన్న నక్షత్రాల్లాంటి పూలు పూసేది. రెండోది కాస్త లావుగా ఉండి, కొసన గుత్తిగా పూసేది. ముదురు ఊదా, గోధుమ, పసుపు గీతలు కలిసిన ఆ గుత్తిని చేనేత చీర అంచుతో పోల్చొచ్చు. అయితే ముక్కు దగ్గర పెట్టుకోవద్దు! ఈ పూలు పిలిచేది తేనెటీగల్ని కాదు, ఈగల్ని. అందుకే వాసన కూడా ఈగలకు నచ్చేదే.

ఇంకో విశేషం. చాలా మొక్కలు పగలు గాలి పీల్చుకుంటే ఇది రాత్రి పీల్చుకుంటుంది. పగలు ఆ రంధ్రాలు తెరిస్తే లోపలి తడి ఆవిరైపోతుంది కదా! అందుకే ఎండ పోయాక తెరిచి, కావాల్సిన బొగ్గుపులుసు వాయువును దాచుకుని, తెల్లారాక తలుపులు మూసుకుని ఆహారం వండుకుంటుంది. గుట్ట మీద బతకాలంటే ఆ మాత్రం పొదుపు తెలియాలి.

పేరు మనదే!

ఈ మొక్కల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'కారల్లుమా'. లాటిన్ మాటలా వినిపిస్తుంది కానీ దాని వెనక ఓ తెలుగు కథ ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చి, గోదావరి జిల్లాల సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉన్నాడు. చుట్టుపక్కల మొక్కలన్నీ సేకరించి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. అవే 1795 నుంచి 'కోరమాండల్ తీరపు మొక్కలు' పేరుతో మూడు సంపుటాలుగా వచ్చాయి. మొత్తం 300 బొమ్మలు. మొదటి సంపుటంలో 30వ బొమ్మ మన కుందేటి కొమ్ముదే. దాన్ని తెలుగువాళ్లు 'కారల్లం' అంటారని ఆయన రాసుకున్నాడు. 1810 ప్రాంతంలో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కల్ని విడిగా ఓ జాతిగా గుర్తించి 'కారల్లుమా' అని పేరు పెట్టాడు. ఆ పేరుకు మూలం అరబ్బీలో ఉందనేవాళ్లూ లేకపోలేదు. కానీ రాక్స్‌బర్గ్ పుస్తకంలో అంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు తెలుగు మాటనే మూలంగా తీసుకునే శాస్త్రవేత్తలు చాలామంది.

అంటే ఓ పేరు తెలియని రైతో, పశువుల కాపరో పలికిన మాట రెండు శతాబ్దాలుగా ప్రపంచమంతా తిరుగుతోందన్నమాట. ఈ సంగతి మడికొండలో చెప్పుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. జనం నోట్లో నలిగే మాటే అసలైన భాష అని జీవితాంతం వాదించిన ప్రజాకవి కాళోజీ నారాయణరావు పెరిగింది ఈ ఊళ్లోనే. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9నే తెలంగాణ భాషాదినోత్సవం జరుపుకుంటున్నాం. వానలకు గుట్టలన్నీ పచ్చబడే రోజులు కూడా అవే.

ఆకలికి విరుగుడు

పూర్వం అడవికీ వేటకీ వెళ్లేవాళ్లు, కరవు రోజుల్లో పల్లెజనం ఈ కాడల్ని నమిలేవారు. ఆకలీ దప్పికా తెలియకుండా ఉంటాయని. మెట్ట ప్రాంతాల్లో పచ్చడి చేసుకునే అలవాటూ ఉంది. చక్కెర వ్యాధికి పనికొస్తుందన్న నమ్మకమూ ఉంది. మడికొండకు దగ్గర్లోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ ఈ మొక్క మీద పరిశోధన జరిగింది. అక్కడి ఔషధ విజ్ఞాన పరిశోధకులు దీని నుంచి తీసిన ఓ పదార్థం నొప్పినీ వాపునీ తగ్గిస్తుందని 1998లో పరిశోధన పత్రం వెలువరించారు. మొక్క సారం చక్కెరను అదుపు చేస్తుందని 2003లో మరో పరిశోధన పత్రం వచ్చింది. ఇవన్నీ ప్రయోగశాల జంతువుల మీద చేసినవి.

2007లో బెంగళూరు పరిశోధకులు దీని దగ్గరి చుట్టం సారాన్ని లావుగా ఉన్న 50 మంది మీద 60 రోజులు పరీక్షించారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే వీళ్లకు ఆకలి, నడుం చుట్టుకొలత తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా బరువు తగ్గించే మాత్రల వ్యాపారులకు ఆ మాత్రం చాలు. దేశవిదేశాల్లో కారల్లుమా సీసాలు అమ్ముడవుతున్నాయి. కుండీలో ఉంది కదా అని కోసుకుని మందులా మింగడం మాత్రం వద్దు. ఏ మోతాదు ఎవరికి పడుతుందో తేల్చాల్సింది డాక్టర్లే.

అసలు చిక్కు మరోటి. ఈ మొక్క ఎదుగుదల నిదానం. మందు కోసమని వేళ్లతో సహా పీకితే మళ్లీ అక్కడ మొలవడానికి ఏళ్లు పడుతుంది. మేకలు మేసినా మోడు మళ్లీ చిగురిస్తుంది కానీ, గుట్టనే గ్రానైటు పలకలుగా కోసి లారీకెక్కిస్తే చిగురించడానికి ఏముంటుంది? తెలంగాణలో అలా మాయమైన గుట్టలెన్నో. గుడి ఉన్న గుట్టకు దేవుడు కాపలా. లేని గుట్టకు ఎవరు?

గుట్టను కుండీలోకి దించండి

మన నర్సరీల్లో ఎడారి గులాబీ దొరుకుతుంది. నక్షత్రాల్లాంటి పెద్ద పూలు పూసే ఆఫ్రికా స్టపీలియా దొరుకుతుంది. మన కుందేటి కొమ్ము కోసం మాత్రం వెతుక్కోవాల్సిందే. అలాగని గుట్ట మీద మొక్కను పీకడం తప్పు, అటవీ భూమిలో అయితే నేరం కూడా. పెంచుతున్న వాళ్లెవరైనా ఉంటే వాళ్లనడిగి చూపుడు వేలంత ముక్క తెచ్చుకుంటే చాలు.

ముక్కను వెంటనే నాటొద్దు. నీడలో వారం రోజులు వదిలేస్తే కోసినచోట గాయం ఆరి పక్కు కడుతుంది. పచ్చిగాయంతో నాటితే కుళ్లడం ఖాయం. కుండీ మట్టిదైతే మేలు. లోతు తక్కువగా, అడుగున చిల్లుతో ఉండాలి. ఒక వంతు ఎర్రమట్టికి రెండు వంతులు ముతక ఇసుక, చిన్న కంకర కలపండి. పిడికెడు మాగిన పశువుల ఎరువు సరిపోతుంది. ముక్కను అంగుళం లోతున గుచ్చి వారం పదిరోజుల దాకా నీళ్లు పోయకండి. వేళ్లు పట్టడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. పట్టిందో లేదో అని పీకి చూస్తే మొదటికే మోసం.

ఉదయం ఎండ తగిలి, మిట్టమధ్యాహ్నం కాస్త నీడ ఉండే చోటు దీనికి ఇష్టం. గుట్ట మీద పొద చేసే పని అదే కదా! మట్టి పూర్తిగా పొడిబారాకే నీళ్లు. చలికాలంలో మరీ తక్కువ. ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి జరపాలి. మొదలు మెత్తబడి నల్లగా మారుతుంటే కుళ్లు మొదలైనట్టు. ఆలస్యం చేయకుండా పైన గట్టిగా ఉన్న భాగాన్ని కోసి, ఆరబెట్టి మళ్లీ నాటుకోవాలి. తెల్లటి పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేస్తే చాలు.

కాయలు పండుతుంటే పల్చటి గుడ్డ సంచి కట్టండి, గింజలు ఎగిరిపోవు. తాజా గింజల్ని తడి ఇసుక మీద చల్లితే కొద్దిరోజుల్లోనే మొలుస్తాయి. నాలుగు మొక్కలయ్యాక మూడు పంచిపెట్టండి. పంచేకొద్దీ గుట్ట మీది మొక్కల జోలికి వెళ్లాల్సిన పని తగ్గుతుంది.

ఇలా వెళ్లొచ్చు

రైల్లో వచ్చేవాళ్లు కాజీపేట జంక్షన్‌లో దిగితే మడికొండ దగ్గర. ఆటోలు దొరుకుతాయి. హైదరాబాద్, హన్మకొండల నుంచి బస్సులూ ఉన్నాయి. గుట్ట ఎక్కడానికి పొద్దున్నే మంచిది, మధ్యాహ్నం బండలు కాలుతాయి. అటునుంచి అటే వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం, వరంగల్ కోట ఒకే రోజులో చూసిరావచ్చు.

పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. స్తంభాల్లాంటి ఆ బండల్ని చూపించాక, వాటి సందుల్లో మొలిచిన మొక్కల్నీ చూపించండి. తెంపకుండా, పీకకుండా. కుందేటి కొమ్ము అంటే లేనిదని పెద్దలు చెప్పిన మాట ఈ మొక్క విషయంలో నిజం కాకుండా ఉండాలంటే, గుట్టలు గుట్టల్లా ఉండాలి. డాబా మీద ఓ కుండీలోనైనా దానికి చోటుండాలి.